దేవుణ్ణి మారమనే అడగండి

దేవుడు మారడని మనకు చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నారు. గుడిలో అయ్యవారిదీ అదే మాట, చర్చిలో పాస్టరుగారిదీ అదే మాట. మారేవాడు దేవుడెట్లా అవుతాడు, మారాల్సింది నువ్వు, అంటారు. నేను చెప్పబోయే సలహాలన్నీ దీనికి అడ్డం తిరిగేవే. ఆయన్ను మారమని అడగండి. అడిగి ఊరుకోకుండా బేరమాడండి. వినకపోతే తిట్టండి. వేదాంతం చదువుకున్నవాళ్ళు వీటిని తప్పుడు సలహాలంటారని తెలిసే చెబుతున్నాను.

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు దేవుడి దగ్గరికి ఎవరూ ఊరికే పోరు. వెయ్యి అడుగులు దించినా తడి తగలని బోరు, మార్కెట్టుకు చేరేసరికి బాడుగకు కూడా గిట్టని టమాటా, రోగం తగిలి గూడు కట్టకుండానే పోయిన పట్టుపురుగు, సంబంధం కుదరని కూతురు, ఇట్లాంటిదేదో ఒకటి మోసుకునే పోతారు. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేని సీమ ఇది. 'పోయినేడు చేసినట్టు చెయ్యొద్దు సామీ, ఈ తూరి వేరేగా చెయ్యి' అనేదే ఇక్కడి మొక్కుల సారం. అట్లా అడగడానికి వచ్చినవాడి చేతిలో 'ఆయన మారడు' అనే సిద్ధాంతం పెట్టి పంపితే, వాడు మళ్ళీ మొక్కడం ఎందుకు?

అన్నిటికంటే ముందు, మీ మతగ్రంథం తెరిచి ఒకదానితో ఒకటి పొసగని రెండు మాటలు వెతికి పక్కపక్కన పెట్టుకోండి. వాటిని సర్దిపుచ్చే వ్యాఖ్యానం వెంటనే చదవకండి.

బైబిల్లో సమూయేలు మొదటి గ్రంథం 15వ అధ్యాయం చూడండి. 11వ వచనంలో, సౌలును రాజుగా చేసినందుకు దేవుడు పశ్చాత్తాపపడతాడు. 29వ వచనంలో సమూయేలు ప్రవక్త, ఆయన పశ్చాత్తాపపడడానికి మనిషి కాడని సౌలు ముఖం మీదే చెబుతాడు. 35వ వచనానికి వచ్చేసరికి దేవుడు పశ్చాత్తాపపడ్డాడనే మళ్ళీ ఉంది. ఆ గ్రంథాన్ని కూర్చినవాళ్ళకు ఇది కనిపించలేదనుకోవడం వాళ్ళను తక్కువ చెయ్యడమే. చూసి, ఉంచారు. భగవద్గీత తొమ్మిదో అధ్యాయం 29వ శ్లోకంలో అన్ని ప్రాణుల పట్లా తాను సముణ్ణేనని, తనకు శత్రువూ లేడు ప్రియుడూ లేడని కృష్ణుడంటాడు. అదే శ్లోకం రెండో సగంలో, భక్తితో కొలిచేవాళ్ళు తనలో ఉంటారు, తాను వాళ్ళలో ఉంటాడు. సమంగా ఉన్నవాడు ఒకరి వైపు ఒరిగాడా లేదా? చింతామణి తాలూకా మురుగమల్లలో అమ్మాజాన్ బావాజాన్ దర్గాకు ముస్లిములూ హిందువులూ కష్టంతో వస్తారు. అక్కడ చదివే ఖుర్ఆన్‌లో అహ్‌జాబ్ అధ్యాయం 62వ వచనం అల్లాహ్ విధానంలో మార్పు కనబడదంటుంది. రఅద్ అధ్యాయం 39వ వచనమేమో ఆయన తాను కోరినదాన్ని చెరిపేస్తాడు, కోరినదాన్ని నిలుపుతాడు అంటుంది. మూలగ్రంథం ఆయన దగ్గరే ఉందని కూడా అక్కడే ఉంది.

సర్దిచెప్పేవాళ్ళ పద్ధతి ఎప్పుడూ ఒకటే. 'మారడు' అన్నది అసలు మాట, 'మనసు మార్చుకున్నాడు' అన్నది మనకు అర్థం కావడానికి దిగి వచ్చి చెప్పిన మాట అంటారు. పదహారో శతాబ్దంలో క్రైస్తవ వేదాంతి కాల్విన్ ఇట్లాగే చెప్పాడు, మన పౌరాణికులూ ఇట్లాగే చెబుతారు. నాకు ఇందులో న్యాయం కనబడదు. 'మారడు' అన్నది కూడా మనిషి నోటితో, మనిషి భాషలో చెప్పిందే కదా. దిగి వచ్చి చెబితే రెండూ దిగి వచ్చే చెప్పాలి. ఒకదానికి సింహాసనం వేసి రెండోదాన్ని వాకిట్లో నిలబెట్టే హక్కు వ్యాఖ్యాతకు ఎవరిచ్చారు?

ఈ సింహాసనం వేసినవాళ్ళలో ముఖ్యులు గ్రీకులు. తాను కదలకుండా అన్నిటినీ కదిలించేవాడు దేవుడని అరిస్టాటిల్ అన్నాడు. పరిపూర్ణుడు మారితే మెరుగుపడాలి లేదా దిగజారాలి, రెండూ కుదరవు కాబట్టి మారడు అనే వాదాన్ని ప్లేటో అప్పటికే నడిపాడు. పదమూడో శతాబ్దంలో థామస్ అక్వైనాస్ చేతిలో అది క్రైస్తవ వేదాంతంలో గట్టిపడింది. మన వైపు బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం మొదటి పాదంలోనే ఈ ముడి ఉంది. బ్రహ్మమే జగత్తుగా మారితే మొత్తం మారిపోయి ఏమీ మిగలకూడదు, లేదంటే బ్రహ్మానికి ముక్కలుండాలి, ఎట్లా అని పూర్వపక్షం. దాని మీద శంకరులు మార్పు కనబడేదే తప్ప జరిగింది కాదన్నారు. రామానుజులు మార్పు జీవులూ జడమూ అనే శరీరానిది, స్వరూపానిది కాదన్నారు. మధ్వాచార్యులైతే దేవుడు జగత్తుగా మారాడన్న మాటనే ఒప్పుకోలేదు. ముగ్గురూ మూడు దారుల్లో పోయినా, ముగ్గురూ కాపాడింది ఒక్కటే: స్వరూపంలో మార్పు లేకపోవడం. ఇరవయ్యో శతాబ్దంలో తత్త్వవేత్త వైట్‌హెడ్ 1929లో అచ్చైన తన పుస్తకంలో దేవుడు లోకంతో పాటు అనుభవిస్తూ పెరుగుతాడని రాసి ఈ కాపలాను వదిలేశాడు.

మెరుగో దిగజారుడో తప్ప మూడో మార్పు లేదన్న దగ్గరే ఈ వాదం తప్పిందని నేను నమ్ముతాను. బిడ్డకు జ్వరమొస్తే తల్లి రాగిముద్ద ఆపి గంజి పోస్తుంది, జ్వరం దిగాక మళ్ళీ ముద్ద పెడుతుంది. ఆమె మెరుగుపడిందా, దిగజారిందా? జ్వరంలో కూడా ముద్దే పెట్టి, నేను మారనని కూర్చుంటే అప్పుడు కదా ఆమె తల్లితనం మారిందనాలి. ఎదుటివాడు ఏడ్చినా నవ్వినా ఒకే ముఖం పెట్టడం రాతికి చేతనవుతుంది. దాన్ని పరిపూర్ణత అనడానికి నా మనసు ఒప్పదు.

నందికి పోయేటప్పుడు తలకిందులుగా పోండి. చిక్కబళ్ళాపురం దగ్గర నంది ఊళ్ళో, కొండ కింద, భోగనందీశ్వరుడి ఆవరణ ఉంది. క్రీ.శ. 806 నాటి శాసనం దొరికిన చోటది. ఒకే ఆవరణలో అరుణాచలేశ్వరుడు బాల్యం, భోగనందీశ్వరుడు యౌవనం, ఆ రెంటి మధ్యా ఉమామహేశ్వరుడు. కొండ మీద యోగనందీశ్వరుడు వైరాగ్యం. శివుడి జీవితంలో దశలుగా ఈ గుళ్ళను చెప్పుకుంటారు. పుట్టుకా చావూ లేనివాడికి బాల్యమేమిటి, వైరాగ్యమేమిటి అని ఈ వైపు ఎవరూ అడగరు. పైన గుడిలో ఉత్సవాలు లేవు, సన్యాసి ఇంట్లో ఉత్సవమెందుకని.

అందరూ కింద మొదలుపెట్టి పైకి పోతారు, లేదా పొద్దు పొడుపు చూసి ఫోటోలు దిగి కింది గుడి ఊసే ఎత్తకుండా బెంగళూరు దారి పడతారు. మీరు తెల్లవారుజామునే 4,851 అడుగుల కొండ ఎక్కి యోగనందీశ్వరుడికి ముందు దండం పెట్టండి. అన్నీ వదులుకున్నవాణ్ణి చూశాక దిగండి. కింద ఉమామహేశ్వరుడి ముందు కల్యాణమంటపంలో నాలుగు నల్లరాతి స్తంభాల దగ్గర ఆగండి. శివుడు పార్వతితో, విష్ణువు లక్ష్మితో, బ్రహ్మ సరస్వతితో ఉన్నారు. నాలుగో స్తంభం మీద అగ్ని, పక్కన స్వాహాదేవి. హోమంలో పేరు వినడమే తప్ప అగ్నిదేవుడి భార్యను ఇట్లా ఎదురుగా చూసే అవకాశం ఎక్కువ చోట్ల దొరకదు, తొందరపడకండి. తర్వాత భోగనందీశ్వరుడు, చివర బాలుడైన అరుణాచలేశ్వరుడు. ఇట్లా నడిస్తే వైరాగి కాస్తా పెళ్ళికొడుకై, పెళ్ళికొడుకు పిల్లవాడవుతాడు. ఎక్కేటప్పుడు మన ముసలితనమే ఆయనకూ వచ్చినట్టు తోస్తుంది. దిగేటప్పుడు ఆ పోలిక తెగిపోతుంది. మనం ఒక దిక్కుకే మారతాం కాబట్టి మార్పంటే అరుగుదల అనుకుంటాం, ఆ భయంతోనే ఆయన్ను మారనివ్వం. ఈ క్రమం తప్పని మీకు తోవలో ఎవరైనా చెప్పవచ్చు. తప్పే, అయినా అట్లాగే దిగండి.

'నన్ను మార్చు సామీ' అని ప్రార్థించడం కొన్నాళ్ళు ఆపండి.

ఇది వినయంగా కనబడుతుంది, పెద్దలు మెచ్చుకుంటారు. కానీ లోతున అది తప్పించుకోవడమే. ఆయన్ను ఏదీ అడగకపోతే ఆయన ఇవ్వకపోయాడన్న బాధా ఉండదు. కైవారం తాతయ్య కథ విన్నప్పుడు కూడా మనం ఇట్లాగే తప్పించుకుంటాం. తాతయ్య అసలు పేరు నారాయణప్ప, చింతామణి తాలూకా కైవారంలో 1726లో పుట్టి 1836లో జీవసమాధి అయ్యారని సంప్రదాయం చెబుతుంది, అంటే 110 ఏళ్ళు. గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగిన బలిజ. తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు పాడారు. అమరనారేయణ శతకం, నాదబ్రహ్మానంద నారేయణ కవి శతకం, కాలజ్ఞానం ఆయనవి. వ్యాపారం కలిసిరాక, ఇంట్లో పోరు పడలేక తిరుగుతున్నవాడికి ఒక పరదేశి గురువు ఎదురై అష్టాక్షరి ఉపదేశించాడు. ఒక గులకరాయి ఇచ్చి, దీన్ని నోట్లో పెట్టుకుని ఇది కలకండ అయ్యేదాకా జపించమన్నాడు. గుహలో కూర్చుని ఆయన జపించగా జపించగా రాయి కలకండ అయింది.

ఈ కథకు వాడుకలో ఉన్న అర్థం, నారాయణుడు ఎప్పటిలాగే ఉన్నాడు, తాతయ్య మారాడు అని. ఒకసారి కథను మాత్రమే చూడండి. గురువు 'నీ మనసు మారేదాకా' అనలేదు, 'రాయి మారేదాకా' అన్నాడు. రాయికి భక్తి లేదు, సాధన లేదు, ప్రాణమే లేదు. అది తీపెక్కాలంటే అవతలి వైపు నుంచి ఏదో కదలాలి. మారకపోవడమే గుణమైన వస్తువును నోట్లో పెట్టుకుని, నువ్వు మారేదాకా నేను లేవనని ఒక గాజులాయన పట్టుపట్టాడు. మనకు ఆయన వదిలిపోయిన ఆస్తి ఆ పట్టుదల. గురుపూర్ణిమకు కైవారంలో సంగీతోత్సవం జరిగేటప్పుడు పోయి కూర్చోండి. రాత్రి పొద్దుపోయాక కూడా గొంతులు ఆగవు. నన్ను మార్చమని కాకుండా, ఏం కావాలో అది అడుగుతూ వినండి. మీరు మారేదుంటే అది మీరు అడగకపోయినా జరుగుతుంది.

అదే తాతయ్య పేర కాలజ్ఞానం ఉంది కదా, జరగబోయేది ముందే రాసి ఉంటే దేవుడు మారేదెక్కడ అని కొందరు అడుగుతారు. కాలజ్ఞానం పట్టుకుని 'అంతా రాసే ఉంది' అనకండి. యోనా ప్రవక్త నీనెవె పట్టణంలో నిలబడి నలభై రోజుల్లో ఈ ఊరు నాశనమవుతుందని చాటాడు. షరతు పెట్టలేదు, 'ఒకవేళ' అనలేదు. ఊరు ఊరంతా గోనె కట్టుకుంది, రాజు బూడిదలో కూర్చున్నాడు, దేవుడు చేస్తానన్న కీడు చెయ్యకుండా మానుకున్నాడు. చెప్పిన జోస్యం తప్పింది, అది తప్పడానికే చెప్పిందని ఆ గ్రంథం చదివితే తెలుస్తుంది. ఆ తర్వాతి అధ్యాయాన్ని మాత్రం మనవాళ్ళు తొందరగా తిప్పేస్తారు. దేవుడు మనసు మార్చుకున్నాడని యోనాకు కోపం వస్తుంది, ఇంతకంటే చావడమే మేలంటాడు. మారని దేవుడు కావాలని గట్టిగా పట్టుబట్టేవాళ్ళలో కొందరికి ఎదుటివాడి శిక్ష మారకూడదన్న కోరిక లోపల ఉంటుందేమో, ఎవరి మనసు వాళ్ళు చూసుకోవాలి.

బేరమాడండి. చింతామణి సంతలో బేరమాడకుండా కొత్తిమీర కట్ట కొనని మనం గుళ్ళో మాత్రం ఉన్న ధరకే ఒప్పుకుని వచ్చేస్తాం. ఆదికాండం 18వ అధ్యాయంలో అబ్రాహాము సొదొమ పట్టణం కోసం నిలబడి, యాభైమంది మంచివాళ్ళుంటే ఊరిని వదిలేస్తావా అని మొదలుపెట్టి, నలభై అయిదు, నలభై, ముప్పై, ఇరవై, పది దాకా దించాడు. దేవుడు ఒక్కసారి కూడా విసుక్కోలేదు, దించిన ప్రతిసారీ ఒప్పుకున్నాడు. భారతం అరణ్యపర్వంలో సావిత్రి, భర్త సత్యవంతుడి ప్రాణం కోసం యముడి వెంట నడిచింది. మారకపోవడమే ధర్మంగా పెట్టుకున్నవాడు ఆయన. మొదటి వరం భర్త ప్రాణం కాదు, మామగారి చూపు. తర్వాత ఆయన రాజ్యం, ఆ తర్వాత తన తండ్రికి కొడుకులు. చివరికి సత్యవంతుడు. అబ్రాహాము కూడా తన కోసం ఒక్క మాట అనలేదు, ఆ ఊళ్ళో అతనికి ఇల్లు కూడా లేదు. కాబట్టి ఎదుటివాళ్ళ కోసం మొదలుపెట్టండి. పక్కింటివాళ్ళ బోరు గురించి ముందు అడగండి. మీ బోరు సంగతి నాలుగో వరంగా వస్తుంది.

అక్వైనాస్ ఇక్కడ అడ్డం వస్తాడు, ఆయన మాటను తేలిగ్గా తోసెయ్యకూడదు. ప్రార్థన దేవుడి సంకల్పాన్ని మార్చడానికి కాదు, ప్రార్థన ద్వారా దక్కాలని దేవుడు ముందే నిర్ణయించినదాన్ని పొందడానికి అంటాడు. చాలా పదునైన జవాబు. అడగడం, ఇవ్వడం రెండూ ముందే లెక్కలో ఉన్నాయన్నమాట. నా అభ్యంతరం ఒక్కటే: అట్లా అయితే అబ్రాహాము నలభై అయిదు అన్నప్పుడు అవతల వింటున్నది ఎవరు? ముందే తెలిసిన మాటను విన్నట్టు నటించేవాడికంటే, విని తగ్గేవాణ్ణే నేను ఎక్కువ గౌరవిస్తాను.

తిట్టడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, తెలుగువాళ్ళకు అది తల్లి ఇచ్చిన విద్య. గోల్కొండ చెరలో కంచెర్ల గోపన్న, రాముడికి చేయించిన నగల ఖర్చు లెక్క తీసి నిలదీశాడు. కాసుల పురుషోత్తమ కవి కృష్ణా తీరంలో శ్రీకాకుళం ఆంధ్రనాయకుణ్ణి నిందలోనే స్తుతిస్తూ ఒక శతకమంతా రాశాడు. బాగేపల్లి దగ్గర గడిదం వెంకటరమణస్వామి గుడికి పోతే, పెద్దవయసు ఆడవాళ్ళు గడప ముందు నిలబడి "ఏమయ్యా వెంకటరమణా, నీకు చెవులుండాయా లేవా?" అనేంత చనువుతో మాట్లాడే సీమ ఇదని తెలుస్తుంది. ఆ మాటను ఎవరైనా అపచారమంటే నమ్మకండి. మారడని తెలిసినవాణ్ణి ఎవరూ తిట్టరు. గోడను తిట్టరు, ఎండను నాలుగు మాటలని వదిలేస్తారు. కదులుతాడన్న ఆశ ఉన్నప్పుడే నోరు లేస్తుంది.

దుఃఖంలో ఉన్న ఇంటికి పోయినప్పుడు 'దేవుడి రాత, మారదు' అనకండి. ఇది సలహాలన్నిట్లో నాకు బాగా కావాల్సింది. చేతికందిన కొడుకు బైకు మీద పోయి తిరిగి రాని ఇంట్లో, అప్పు తీరక మనిషి పోయిన ఇంట్లో, ఆ మాట అనేవాడికి ఓదార్పు, వినేవాళ్ళకు శిక్ష. రాసింది ఆయనే, మార్చనిదీ ఆయనే అని చెప్పాక ఆ తల్లి రేపు ఏ ముఖంతో దీపం పెడుతుంది? వాళ్ళతో పాటు మీరూ అడగండి, ఎందుకిట్లా చేశావని. యోబు అంతసేపు దేవుణ్ణి నిలదీశాక చివర్లో దేవుడి కోపం తగిలింది యోబుకు కాదు, సిద్ధాంతం చెప్పి సర్దిపుచ్చిన అతని స్నేహితులకు.

మీ భజన మండలిలో దేవుణ్ణి నమ్మని మనిషి ఒకరుండేలా చూసుకోండి. ఈ జిల్లా అందుకు కొరత పెట్టదు. గౌరిబిదనూరు తాలూకా హొసూరులో 1920లో పుట్టిన హెచ్. నరసింహయ్యగారు బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలరుగా ఉండి 1976లో మహిమలనూ మూఢనమ్మకాలనూ పరిశోధించడానికి కమిటీ వేశారు. పెళ్ళి చేసుకోకుండా జీవితమంతా నేషనల్ కాలేజీలకు ఇచ్చిన మనిషి. బాగేపల్లిలోనూ నేషనల్ కాలేజీ ఉంది. అట్లాంటి ప్రశ్న అడిగేవాడు పక్కనుంటే, బోరులో నీళ్ళు పడగానే 'ఇది నా మొక్కు వల్లే' అని మీరు చెప్పలేరు. హెబ్బాళ-నాగవార లోయ నుంచి శుద్ధి చేసిన నీళ్ళు చిక్కబళ్ళాపురం చెరువులకు ఎక్కించారు, ఆ ఊట కావచ్చు కదా అంటాడు. అనాలి. దేవుడు మారాడని చెప్పే హక్కు కావాలంటే, మారలేదని ఒప్పుకునే ధైర్యం కూడా ఉండాలి. నమ్మేవాళ్ళ మధ్యే కూర్చుంటే ఆ ధైర్యం రాదు.

చివరగా ఒక్క అడ్డు. ఎదుటివాడి మీద కోపం తెచ్చుకోమని మాత్రం దేవుణ్ణి అడగకండి. దాయాది పొలం ఎండాలని, కోర్టులో అవతలివాడు పడిపోవాలని ముడుపు కట్టేవాళ్ళున్నారు. నేను చెప్పిన పట్టుదల, బేరం, తిట్టు, ఏవీ దానికి పనికిరావు. నీనెవెలోనూ సావిత్రి దగ్గరా దేవుడు మారింది విడిచిపెట్టే వైపుకే. అటు వైపుకైతే ఎంతైనా లాగండి. ముడుపు ముందే కట్టేసి ఉంటే విప్పి, ఆ డబ్బుతో దాయాది పిల్లలకు నోటుపుస్తకాలు కొనండి.